స్వేచ్ఛా తీవ్రవాదుల లొంగుబాటు

మా విశ్వవిద్యాలయానికి ఆ ఏడు తెలుగు పూనింది. అంతకు ముందు ఏడు యోగా పూనింది. దానికి ముందు కలబంద. కలబంద పూనినప్పుడు పరిపాలనా భవనం చుట్టూ ఉన్న క్రోటన్ మొక్కలన్నీ పీకించి కలబంద నాటించారు. యోగా పూనినప్పుడు ఆ కలబంద పీకించి చాపలు పరిపించారు. ఇవన్నీ మా పాలిమర్ లాబ్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవి, లోపల్నుంచి వచ్చే వాసన అలాంటిది మరి. తెలుగు మాత్రం ముక్కు మూసుకుని లోపలికొచ్చేసింది.

"విశ్వవిద్యాలయ అంతర్జాల పుటలయందు ఒక్క ఆంగ్లపదము కనిపించినను సంబంధిత ఆచార్యుడు బాధ్యుడగును" అని ఉత్తర్వు వచ్చింది. రిజిస్ట్రార్ వేదమూర్తిగారి తలుపు మీద 'నమోదకుడు' అని బోర్డు పెట్టారు. కాంటీన్ 'క్షుదుపశమన కేంద్రం' అయింది. సైకిల్ స్టాండు 'ద్విచక్ర విశ్రాంతి మందిరం' అయింది. తెలుగంటే నాకు కోపం లేదు, నేను కలలు కనేది కూడా తెలుగులోనే. కాని ఆకలేసినప్పుడు క్షుదుపశమన కేంద్రానికి వెళ్దాం పద అనడానికి నోరు రాదు.

ఈ పనంతటికీ ప్రత్యేకాధికారి డాక్టర్ వాచస్పతిగారు. గొప్ప పండితుడు. ఏ శాఖవాళ్లనీ ఏమీ అడగరు. అడిగితే తనకి తెలియదనుకుంటారని ఆయన భయం. నిఘంటువు ఎడం చేత్తో పట్టుకుని, మా మా పుటల్ని కుడి చేత్తో తెలుగు చేసుకుంటూ పోయారు.

మా గ్రూపు గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద ప్రొఫెసర్ ఓబుళేశుగారు, ప్రాజెక్టు కాగితాల్లో ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్. బడాయి తెలియదు, అబద్ధం అసలే తెలియదు. ఎవరు ఏమడిగినా కెమిస్ట్రీలోనే జవాబు చెప్తారు. ధనుంజయ కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలరు, గాజు సామాను పగలగొట్టడంలో అందె వేసిన చెయ్యి. చౌడమ్మ లాబ్ అటెండరు. పగిలిన గాజు ఊడ్చేదీ, ధనుంజయని తిట్టేదీ, తిట్టి టీ ఇచ్చేదీ ఆవిడే. నేను గెస్ట్ ఫాకల్టీని. చేరినప్పుడు నాకు జుట్టు ఉండేది.

ఇక రిజ్వానా. గ్రూపుకి ప్రాణం ఆ అమ్మాయి. వాళ్ల నాన్న మస్తాన్‌వలీకి ధర్మవరం పక్కన శెనక్కాయల చేను ఉంది. ఒక వాన పడి రెండో వాన మొహం చాటేస్తే ఆ చేనుకి ఏమవుతుందో చిన్నప్పట్నుంచీ చూసిన పిల్ల. నీళ్లు తాగి ఉబ్బి, ఎండలో కొంచెం కొంచెంగా మొక్క వేరుకి వదిలే ఒక జెల్లు తయారు చేసింది. ఏడేళ్ల పని. చివరి ప్రయోగంగా కొన్ని తట్టల్లో జెల్లు కలిపిన ఎర్రమన్నూ, కొన్నిట్లో ఉత్త ఎర్రమన్నూ పోసి, అన్నిట్లో శెనక్కాయ మొలకలు నాటి, నీళ్లు మానేసింది. ఉత్త మన్ను తట్టలు వాడిపోయాక జెల్లు తట్టల బరువు తూచాలి. ఆ తూకం పడితే థీసిస్ పూర్తయినట్టే. ఆ నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ చచ్చిపోయి, మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలెట్టాలి.

సరిగ్గా అప్పుడు మా పుట తెలుగులో వెలువడింది.

పాలిమర్ అంటే చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యొకటి పట్టుకుని పొడుగాటి గొలుసు కట్టడం. దాన్ని మొదలెట్టడానికి జంట లేక అల్లాడుతూ, ఎదురొచ్చినదాన్నల్లా పట్టుకునే ఒక తుంటరి ముక్క కావాలి. దాన్ని ఫ్రీ రాడికల్ అంటారు. గొలుసు మొదలవడాన్ని ఇనీషియేషన్, పెరగడాన్ని ప్రాపగేషన్, ఆగడాన్ని టెర్మినేషన్ అంటారు. లోకమంతా అలాగే అంటారు. వాచస్పతిగారు అలా అననిస్తారా?

"బహుళక రసాయన ముఠా. ముఠా నాయకుడు, ప్రధాన నేరపరిశోధకుడు: ఆచార్య ఓబుళేశు. స్వేచ్ఛా తీవ్రవాదుల తోడ్పాటుతో గొలుసుకట్టు చేరికలు జరుపుట ఈ ముఠా ప్రత్యేకత. కార్యక్రమము మూడు దశలలో సాగును. ఉసిగొల్పుట, ప్రచారము, అంతమొందించుట. అవసరమగుచో గొలుసు బదిలీ దళారులను వినియోగింతురు. ముఠాలో ఒక అతిథి చిరకాలముగా తలదాచుకొనియున్నాడు."

ఆ అతిథిని నేనే.

పుట వెలువడిన మర్నాడే భద్రతాధికారి నాగిరెడ్డిగారు లాబ్ ముందుకొచ్చి నిలబడ్డారు. పోలీసు సర్వీసులో ఉండగా రాడికల్ అన్న మాట వినబడితే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తిన తరం ఆయనది. రిటైరై మా దగ్గర చేరాక ఆయనకి దొరికిన పెద్ద కేసు ద్విచక్ర విశ్రాంతి మందిరంలో పోయిన సైకిలు బెల్లు. పాపం, చేతులు దురదగా ఉన్నాయి.

"ఏమి ప్రొఫెసరు సార్, ముఠా నాయకుడూ నువ్వే, నేరపరిశోధకుడూ నువ్వేనా? నా సర్వీసులో ఎన్నో ముఠాలు చూసినా గానీ, ఇంత ధైర్యంగా కంప్యూటర్లో పెట్టుకున్న ముఠా చూడలే."

"అది తర్జుమాలో తప్పండీ" అన్నారు ఓబుళేశుగారు.

"తప్పో ఒప్పో కమిటీ తేలుస్తాది. బయటికి రాండి అందరూ."

తలుపుకి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, దాని మీద లక్క కరిగించి ముద్ర కొట్టారు. ఓబుళేశుగారికి ఆ లక్కని చూస్తే ఉండబట్టలేదు.

"నాగిరెడ్డిగారూ, మీరు వేసిన ఆ లక్క పాలిమరేనండీ. ఆ గుడ్డ కూడా పాలిమరే. మీ చొక్కా పాలిమరు, మీ మీసం పాలిమరు."

నాగిరెడ్డిగారి చెయ్యి మీసం మీదికి పోయింది. "ముఠా ఇంత దూరం పాకిందా!" అన్నారు.

రిజ్వానా మాత్రం ఇవేవీ వినలేదు. పక్కకి పరిగెత్తి కిటికీలోంచి లోపలికి చూస్తోంది. అక్కణ్ణుంచి ఉత్త మన్ను తట్టలే కనిపిస్తాయి. జెల్లు తట్టలు వెనకాల బల్ల మీద, బీరువా చాటున ఉన్నాయి.

"అన్నా, నా తట్టలు లోపలుండాయి" అంది నాతో. "వాళ్లు తలుపు తీసేలోపల అన్నీ ఎండిపోతే నేనేం తూచాల?"

ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం ఆ కిటికీ దగ్గర నిలబడేది. కనిపించే తట్టల్లో ఆకులు తలలు వాల్చేశాయి. కనిపించని తట్టల్లో ఏముందో దేవుడికి తెలియాలి. చౌడమ్మ టీ గ్లాసు చేతికిచ్చి, చల్లారిపోయాక తీసుకుపోయేది. నాకు వాచస్పతిగారి నిఘంటువు తీసుకెళ్లి బావిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది. మా బావిలో నీళ్లు లేవని ఊరుకున్నాను.

విచారణకి ఏకసభ్య కమిటీ వేశారు. అందులో ముగ్గురు సభ్యులు. అధ్యక్షత వేదమూర్తిగారు, చెరోపక్కా వాచస్పతిగారు, నాగిరెడ్డిగారు. మా గ్రూపునంతా ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. కుర్చీలు నేరం రుజువు కానివాళ్లకట.

ముందుగా ఓబుళేశుగారు లేచి, అనువాదం తప్పని, నాలుగు మాటలు మారిస్తే సరిపోతుందని విన్నవించుకున్నారు.

వాచస్పతిగారి ముఖం ఎర్రబడింది. "రాడికల్ అనగా తీవ్రవాది. నిఘంటువు చూచుకొనుడు. ఒకసారి ప్రకటించిన తెలుగును వెనుకకు తీసుకొనుట భాషామతల్లికి అవమానము. మాట మారదు. కావలసినచో మీ శాస్త్రమును మార్చుకొనుడు."

"సభ్యుల అభిప్రాయం సముచితం" అన్నారు వేదమూర్తిగారు. "విచారణ ప్రారంభించవచ్చు."

నాగిరెడ్డిగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఈ ఉసిగొల్పేది ఎవరు?"

ఓబుళేశుగారికి అబద్ధం రాదని చెప్పాను కదా. "పెరాక్సైడ్ అండీ."

"ఇంటిపేరు?"

"బెంజాయిల్."

"యాడుంటాడు?"

"బొంబాయి నుంచి తెప్పిస్తాం."

"ఇప్పుడు యాడున్నాడు?"

"పని మొదలెట్టగానే రెండు ముక్కలైపోతుందండీ. ఆ తర్వాత కనపడదు."

"తెలివైనోడు" అని మెచ్చుకుంటూ రాసుకున్నారు నాగిరెడ్డిగారు. "సరే, ఒక్కొక్క తీవ్రవాది ఎంతమందిని చేరుస్తాడు?"

"వేలల్లో చేరుస్తుందండీ."

"ఎంతసేపట్లో?"

"కంటిరెప్ప వేసేలోపల."

కమిటీలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేదమూర్తిగారు గొంతు తగ్గించి అడిగారు. "మరి ఈ చేరికలు ఎప్పటికి ఆగుతాయి?"

"రెండు రాడికల్స్ ఎదురుపడితే ఆగుతాయండీ. ఒకదాన్నొకటి పట్టుకుని చల్లబడిపోతాయి."

"అంటే పెళ్లి చేస్తే దారికి వస్తారన్నమాట" అని వేదమూర్తిగారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాట కూడా రికార్డయింది.

తరువాత నా వంతు. "నీకు ఆశ్రయం ఇచ్చింది ఎవరు?" అని అడిగారు నాగిరెడ్డిగారు. "విశ్వవిద్యాలయమే సార్, ప్రతి ఏడూ కొత్త ఉత్తర్వుతో" అన్నాను. ఆ జవాబు మాత్రం ఎందుకో రికార్డవలేదు.

ధనుంజయని ఏమైనా విధ్వంసం చేశావా అని అడిగారు. వాడు తల దించుకుని, "బ్యూరెట్లు సార్, లెక్కపెట్టలే" అన్నాడు.

ఇక శిక్ష దగ్గర చిక్కొచ్చింది. నిబంధన లేకుండా శిక్ష వెయ్యరాదు. వేదమూర్తిగారు విశ్వవిద్యాలయ నిబంధనలన్నీ గాలిస్తే, తీవ్రవాది అన్న మాట ఉన్న నిబంధన ఒక్కటే దొరికింది. పాత గొడవల కాలంలో చేసి, అటు పిమ్మట అందరూ మర్చిపోయినది. దాన్ని ఆయన నిలబడి చదివారు.

"తీవ్రవాదమునకు లోబడి దారి తప్పిన విద్యార్థి ఆయుధములు అప్పగించి, సమగ్రమైన ఒప్పుకోలు వాంగ్మూలము సమర్పించి లొంగిపోయినచో, అట్టివానిని జనజీవన స్రవంతిలో కలుపుకొని, గడువుతో నిమిత్తము లేక చదువు పూర్తిచేయు అవకాశమీయవలెను. తాత్కాలిక ఉద్యోగి అయినచో ఉద్యోగము ఖాయపరచవలెను."

తాత్కాలిక ఉద్యోగి అన్న మాట దగ్గర నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. పక్కన చూస్తే రిజ్వానా కళ్లు మెరుస్తున్నాయి. అంతవరకూ నోరు విప్పని పిల్ల లేచి నిలబడింది.

"సార్, నేను లొంగిపోతా."

ఓబుళేశుగారు బిత్తరపోయారు. "మనం ఏ తప్పూ చెయ్యలేదు కదమ్మా!"

"చేసినామని వాళ్లు రాసుకున్నారు కద సార్. చేయలేదని నిరూపించేకి ఎన్నేండ్లు పడుతుందో ఏమో. చేసినామంటే రేపే వదిలిపెడతారు." కమిటీ వైపు తిరిగింది. "మా ఆయుధాలన్నీ లాబ్ లోపలుండాయి సార్. మీరు తాళం తీస్తే తెచ్చిస్తాను."

"మొత్తం అప్పజెప్పాల" అన్నారు నాగిరెడ్డిగారు. "ఒక్కటి దాచినా ఊరుకోను."

"తూకం వేసి మరీ అప్పజెప్తా సార్."

ఓబుళేశుగారు ఆ అమ్మాయి వైపు చూసి, నా వైపు చూసి, మెల్లిగా చెయ్యెత్తారు. "సరే అయితే, నేనూ లొంగిపోతున్నాను" అన్నారు. జీవితంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. శిష్యురాలి కోసం ఆడారు. నాకు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఈ వార్త గుప్పున పాకింది. గడువు దాటినా చదువు పూర్తి చెయ్యొచ్చట, తాత్కాలికం ఖాయమవుతుందట. మర్నాటికి నాగిరెడ్డిగారి గది ముందు క్యూ. గణిత శాఖ నుంచి ఇద్దరు వచ్చి, వర్గమూలం గుర్తుని ఇంగ్లీషులో రాడికల్ అంటారని, దాన్ని తాము చిన్నప్పట్నుంచీ వాడుతున్నామని, పశ్చాత్తాపపడుతున్నామని చెప్పుకున్నారు. వృక్షశాస్త్రం వాళ్లు గింజ మొలకలో మొదట వచ్చే వేరుని రాడికిల్ అంటారని, ఉచ్చారణలో కొద్ది తేడా పెద్ద మనసుతో క్షమించాలని కోరారు. లైబ్రరీ నుంచి ఒకాయన వచ్చి తన దగ్గర ఏ రాడికలూ లేదని, కాని ఆ మాట ఉన్న డిక్షనరీని దాచిన నేరం తనదేనని కంటతడి పెట్టాడు. రాజనీతిశాస్త్రం వాళ్లు మాత్రం గప్‌చుప్‌గా ఉన్నారు. వాళ్లలో నిజంగానే ఒకరిద్దరు ఉన్నారేమోనని అందరికీ అనుమానం.

నాగిరెడ్డిగారికి రెక్కలొచ్చినట్టుంది. అందర్నీ వరసలో నిలబెట్టి, "తొందరపడొద్దు, ఒక్కొక్కరుగా లొంగిపోండి" అని మైకులో చెప్పారు.

మొదటి లొంగుబాటు మాదే. లాబ్ ముందు షామియానా వేశారు. 'జనజీవన స్రవంతిలోకి బహుళక ముఠా' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ ఏ పాలిమరో చెప్పబోయిన ఓబుళేశుగారి చెయ్యి చౌడమ్మ గట్టిగా పట్టుకుంది. వైస్ చాన్సలర్‌గారు, అంటే ఉపకులపతిగారు, పూలదండలతో సిద్ధంగా కూర్చున్నారు. విలేకరులు వచ్చారు. నాగిరెడ్డిగారు లక్క పగలగొట్టి తాళం తీశారు.

రిజ్వానా లోపలికి ఎలా పోయిందో చూడనే లేదు. నేను వెనకే పరిగెత్తాను. ఉత్త మన్ను తట్టల్లో మొలకలు పడుకున్నాయి, ఆకులు ముట్టుకుంటే పొడి. ఆ అమ్మాయి వాటిని దాటుకుని బీరువా వెనక్కి పోయింది.

నేనూ వెళ్లి చూశాను. తట్టల నిండా మొలకలు నిలబడి ఉన్నాయి. కొన్ని ఆకులు అంచుల్లో పసుపెక్కాయిగాని, నిలబడే ఉన్నాయి. రిజ్వానా మన్నులో వేలు గుచ్చి, ఆ వేలు నా చేతికి తాకించింది. తడి.

"అన్నా, తడుండాది" అంది, ఏడుస్తూనే నవ్వుతూ. నాకూ కళ్లు తడిశాయి. గెస్ట్ ఫాకల్టీకి ఏడవడానికి అనుమతి ఉందో లేదో తెలియదుగాని, ఏడ్చాను.

బయటి నుంచి నాగిరెడ్డిగారు కేకేశారు. "ఏమి చేస్తాండారు లోపల?"

"ఆయుధాలు తూస్తాండాను సార్!"

"తూయమ్మా తూయి. పంచనామాకి బరువు కావాల కద."

తట్ట తరువాత తట్ట తూచింది. నాగిరెడ్డిగారు గుమ్మంలో నిలబడి, చదివిన ప్రతి బరువూ సాక్షి సంతకంతో సహా రాసుకున్నారు. ప్రపంచంలో ఇంత గట్టి సాక్ష్యం ఉన్న ప్రయోగ ఫలితం ఇంకొకటి ఉండదు. ఆ పైన పిపెట్లు, బ్యూరెట్లు, అయస్కాంతంతో తిరిగే కలుపుడు యంత్రం ఒక్కొక్కటే తెచ్చి ఉపకులపతిగారి కాళ్ల దగ్గర పెట్టాం. ధనుంజయ తెచ్చిన ఫ్లాస్కు అక్కడికి చేరలేదు. ఆ చప్పుడికి విలేకరులందరూ కింద పడుకున్నారు.

దండలు వేసే వేళకి నాకొక చిన్న దెబ్బ తగిలింది. నేను మెడ వంచితే నాగిరెడ్డిగారు అడ్డుపడ్డారు. "అతిథి లొంగిపోవడమేంది సార్? అతిథికి మర్యాద చేసి పంపాల." ఆ విధంగా నా ఉద్యోగం ఖాయం కాలేదు. టీ మాత్రం ఇచ్చారు.

ఇంక మిగిలింది ఒప్పుకోలు వాంగ్మూలం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో కలిసి, ఏయే సామగ్రితో, ఏం చేశారో, ఏం ఫలితం వచ్చిందో విపులంగా రాయాలన్నారు. థీసిస్‌లో ఉండేది అదే కదా. రిజ్వానా థీసిస్ తెచ్చి కమిటీ ముందు పెట్టింది. మా విశ్వవిద్యాలయంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అధికారులు చదివిన థీసిస్ అదొక్కటే. నాగిరెడ్డిగారు రెండుసార్లు చదివి, అనుమానం వచ్చిన చోటల్లా నిలదీశారు. "ఈడ మూడోసారి చేసినామని రాసినావు. మొదటి రెండుసార్లు ఏమైంది?" "చెడిపోయింది సార్." "మరెందుకు దాచినావు? రాయి." రాసింది. "ఈ బొమ్మలో ఒక చుక్క గీతకి దూరంగా ఉండాది. అదెవరు?" "అది ఎందుకట్ల వచ్చిందో నాకే తెలీదు సార్." "తెలీదని రాయి." అది కూడా రాసింది.

థీసిస్ వైవాకి బయటి నుంచి పరీక్షకురాలిగా ప్రొఫెసర్ అరుంధతిగారు వచ్చారు. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. ఖర్చు కలిసొస్తుందని వైవానీ కమిటీ తుది సమావేశాన్నీ ఒకే హాల్లో, ఒకే బల్ల చుట్టూ పెట్టారు. రిజ్వానా వాళ్ల నాన్న మస్తాన్‌వలీ పంచె మీద తువ్వాలు వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. తన కూతురు ఏం నేరం చేసిందో, ఏం చదివిందో రెండూ అతనికి సరిగ్గా తెలియవు. రెంటికీ కలిపి భయపడుతున్నాడు.

అరుంధతిగారు కళ్లద్దాలు తీసి అడిగారు. "అమ్మా, నీ జెల్లు నీళ్లని అంత గట్టిగా పట్టుకుంటుంది కదా. మరి వేరు అడిగితే ఎందుకు వదులుతుంది?"

ఇన్నాళ్లలో నీళ్ల గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. రిజ్వానా చెప్పడం మొదలుపెట్టింది, ఇంక ఆగలేదు. గొలుసుల మధ్య చోటు గురించి, ఎర్రమన్ను గురించి, రెండో వాన రాని ఏడు వాళ్ల నాన్న చేను గట్టు మీద కూర్చుని మట్టి పిసికి చూసుకోవడం గురించి చెప్పింది. ఓబుళేశుగారు కళ్లు మూసుకుని విన్నారు. వాచస్పతిగారు నిఘంటువు మూసేశారు. మస్తాన్‌వలీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అరుంధతిగారు థీసిస్ మూసి, "ఇంత నిజాయితీగా రాసిన థీసిస్ ఈ మధ్య నేను చూడలేదు" అన్నారు. "చెడిపోయిన ప్రయోగాలతో సహా ఏదీ దాచలేదు."

"నేనే దగ్గర కూర్చుని రాయించినా మేడమ్" అన్నారు నాగిరెడ్డిగారు ఛాతీ పొంగించి.

అప్పుడు వేదమూర్తిగారు లేచి రెండు నిర్ణయాలూ ఒకే గొంతుతో చదివారు.

"పరీక్షకుల సంతృప్తి మేరకు అభ్యర్థినికి డాక్టరేటు పట్టా ప్రదానం చేయవలెనని తీర్మానించడమైనది. సదరు పరీక్షకులే వాంగ్మూలము సత్యమని ధ్రువీకరించినందున, నేరము కూడ నిస్సంశయముగా రుజువైనది. చదువు పూర్తియైనందున పునరావాసము ముగిసినది. కావున ముద్దాయిని విశ్వవిద్యాలయ ప్రాంగణము నుండి బహిష్కరించడమైనది."

మస్తాన్‌వలీ లేచి నిలబడిపోయాడు. రిజ్వానా ఒక్కతే నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"ఎప్పటి నుంచి సార్?"

"తక్షణమే."

అంతే, ఇంక ఆపుకోలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ రెండు చేతులూ జోడించింది.

"ఈ ఏడేండ్లలో ఈ ఆఫీసు నాకు తక్షణమే చేసిన పని ఇదొక్కటే సార్" అని, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.